తాండూరు బండల గనిలో పులీ మేకా

దసరా సెలవులకి అక్కా వాళ్ళింటికి వెళ్ళి పులిని చూసొచ్చానంటే మా అవనిగడ్డలో ఎవరూ నమ్మలేదు. "హైదరాబాదు జూలో చూసుంటావులే" అంది మా ఆడపడుచు. బళ్ళో తోటి టీచర్లయితే పులి ఎంత దూరంలో ఉంది, నువ్వెంత వేగంగా పరిగెత్తావు అని ఒకటే నవ్వులు. ఒక్కొక్కరికీ చెప్పేసరికి నోరు నొప్పి పుట్టింది. అందుకని మొత్తం ఒకసారి రాసి పెడుతున్నాను. మా వైపు వాళ్ళలో వికారాబాదు, తాండూరు చూసినవాళ్ళు తక్కువ. బొంబాయి వెళ్తూ రైల్లో నిద్రపోయి దాటేసినవాళ్ళే ఎక్కువ.

మాది కృష్ణ ఒడ్డు. ఎటు చూసినా వరి, కాలవలు, కొంగలు. మా ఊళ్ళో పులి అంటే ఒళ్ళంతా పసుపు రంగు పూసుకుని, నల్లచారలు దిద్దుకుని డప్పు మీద ఆడే పులివేషమే. అసలు పులి ఎలా నడుస్తుందో చూడాలని నాకు చిన్నప్పట్నుంచీ కోరిక. మా బావ అడవుల శాఖలో రేంజరు. ఆయనకి వికారాబాదు బదిలీ అయ్యాక, "చుట్టూ అడవి, మాట్లాడ్డానికి మనిషి లేదు, ఈ సెలవులకి నువ్వు రాకపోతే నేనే వచ్చేస్తా" అని అక్క పట్టుబట్టింది. పిల్లలిద్దర్నీ మా అత్తగారికి అప్పజెప్పాను. మా వారు సికింద్రాబాదు దాకా వచ్చి రైలెక్కించి వెళ్ళారు.

సీతాఫలాల స్టేషను

వికారాబాదులో దిగేసరికి ప్లాట్‌ఫారం నిండా సీతాఫలాల గంపలు. మా వైపు ఒక్కో కాయా బేరమాడి కొనుక్కునే పండు అక్కడ కుప్పలు పోసి ఉంది. ఎంతకిస్తావని ఒకామెని అడిగాను.

"రూపాయికి గంపెడు తీస్కో అక్కా. గంప మాత్రం నాది నాకియ్యి" అంది.

పళ్ళు పోయించుకోవడానికి నా దగ్గర చీరల సంచీ తప్ప ఇంకేం లేదు. అందులోనే పోయించుకున్నాను. రిక్షాలో క్వార్టర్స్ చేరేసరికి మాగిన పళ్ళన్నీ చితికి, పండక్కని తెచ్చుకున్న వెంకటగిరి చీర గుజ్జులో నానిపోయింది. అక్క వాకిట్లోనే నిలబడి పడీ పడీ నవ్వింది. "ఇంటి వెనక అడవిలో ఊరికే రాలిపోతున్నాయే, డబ్బులిచ్చి కొనుక్కొచ్చావా?" చీర రెండు సార్లు ఉతికాం. అయినా అది ఆరేసిన తీగ మీద నేనున్నన్నాళ్ళూ చీమలు బారు కట్టాయి.

పక్క క్వార్టరు నుంచి ఫారెస్టు గార్డు భార్య జొన్నరొట్టెలూ, పుంటికూర పప్పూ పంపింది. పుంటికూర అంటే ఏ అడవి ఆకో అనుకుని భయంభయంగా నోట్లో పెట్టుకున్నాను. తీరా చూస్తే మన గోంగూర! ఊరు మారి పేరు మార్చుకుంది. జొన్నరొట్టె మాత్రం నాకు కొత్త. తెల్లవారితే చాలు, వీధిలో ప్రతి ఇంట్లోంచీ రొట్టె కొట్టే చప్పుడే. ఆ చప్పుడుకే మెలకువ వచ్చేది. మా ఊళ్ళో అప్పటికింకా ఉక్కపోత వదల్లేదు. ఇక్కడ గుట్టల మీది నుంచి చల్లగాలి, తెల్లారుజామున దుప్పటి కప్పుకోవాల్సిందే.

అనంతగిరి అడవి

ఊరికి దగ్గర్లోనే అనంతగిరి గుట్టలు. బావ జీపులో పైకి వెళ్తుంటే ఎర్రమట్టి దారి, రెండు పక్కలా టేకుచెట్లు తెల్లటి పూలగుత్తులతో నిండి ఉన్నాయి. మోదుగ, మద్ది, తునికి, మధ్యమధ్యలో వెదురుపొదలు. పైన పాతకాలపు క్షయ ఆసుపత్రి ఉంది. ఆ గాలికే సగం జబ్బు పోతుందని ఎక్కడెక్కడి నుంచో రోగులు వస్తారట. మెట్లు దిగితే అనంత పద్మనాభస్వామి గుడి. దణ్ణం పెట్టుకుని కళ్ళు తెరిచేసరికి, మా అత్తగారు చేసిచ్చిన చేగోడీల సంచీ కోతి చేతిలో ఉంది. కొమ్మ మీద కూర్చుని, ఒక్కొక్క చేగోడీనీ వేలికి తొడుక్కుని మరీ తింది. అక్క తనకి దక్కని చేగోడీల కోసం ఆ రోజంతా ఆ కోతిని తిడుతూనే ఉంది.

"మరీ ఆశలు పెట్టుకోకు మరదలా" అన్నాడు బావ నడుస్తూ. "ఇది చిన్న అడవి. పొద్దున్నే బయల్దేరితే సాయంత్రానికి ఇటు నుంచి అటు దాటేస్తాం. నవాబుల కాలంలో పెద్దపులి ఉండేదట. వేటాడి వేటాడి దాన్ని ఎప్పుడో లేకుండా చేశారు. ఇప్పుడున్నవి చిరుతపులులు. అవీ చాలా తక్కువ."

వేట మానాలని కొత్తగా చట్టం వచ్చిన రోజులవి. ఊరూరా ఆ మాట చెప్పడమే బావకి పెద్ద పని. తరతరాలుగా తుపాకులున్న ఇళ్ళలో కూర్చుని, ఇచ్చిన చాయ్ తాగి, ఇక కాల్చకండి అని చెప్పి రావాలి. విన్నవాళ్ళు తల ఊపుతారు, తర్వాత ఏం చేస్తారో దేవుడికెరుక అనేవాడు.

చిన్న అడవి అన్నాడు గాని నాకు అదే పెద్ద లోకం. నెమళ్ళు మా ఊళ్ళో కోళ్ళలా అడ్డంగా పరిగెత్తాయి. అడవిపందులు రాత్రి దుంపల కోసం తవ్విపోసిన నేల, దున్నిన చేనులా ఉంది. ముళ్ళపంది రాల్చిన ముల్లు దొరికింది. పెన్ను అంత పొడుగు, నలుపూ తెలుపూ పట్టీలు. ఒకచోట కొండగొర్రె అనే చిన్న జింక కనపడింది. అదీ మేమూ ఒకరినొకరు చూసుకుని ఒకేసారి ఉలిక్కిపడ్డాం. ఆ గుట్టల్లోనే మూసీ పుడుతుంది. హైదరాబాదులో వంతెన మీద ముక్కు మూసుకుని దాటిన ఏరు ఇక్కడ రాళ్ళ మధ్య చెంబెడు చెంబెడుగా పారుతుంటే దోసిలి పట్టి తాగాను. తియ్యగా ఉన్నాయి నీళ్ళు.

ఆ నీళ్ళ పక్కనే తడి మట్టిలో అడుగులు కనపడ్డాయి. నాలుగు వేళ్ళు, వెనక మెత్తటి అరపాదం, గోళ్ళ గుర్తు లేదు. "చిరుత. తెల్లవారుజామున వచ్చి తాగి పోయింది" అన్నాడు బావ. నేను ఆ అడుగు పక్కన చెయ్యి పెట్టి చూసుకున్నాను. నా అరచేతికన్నా కొంచెం చిన్నది. మూడు రోజులు వరసగా పొద్దున్నే వెళ్ళాం. అడుగులు కనపడ్డాయి గాని, అడుగులు వేసింది మాత్రం కనపడలేదు.

బిడ్డలెందరు?

బావకి తాండూరులో పని పడింది. ఆయన జీపులో ముందు వెళ్ళాడు. ఊళ్ళు చూడొచ్చని అక్కా నేనూ పాసింజరు ఎక్కాం. బొగ్గు ఇంజను. కిటికీ దగ్గర కూర్చున్నందుకు దిగేసరికి నా మొహం మసి పూసిన మూకుడులా ఉంది.

ఎదురుగా ఒక పెద్దావిడ కూర్చుంది. కాళ్ళకి కడియాలు, ఒళ్ళో బతుకమ్మకి కోసిన గునుగుపూల మూట.

"నీకెందరు బిడ్డలు?" అని అడిగింది.

"ఇద్దరు బిడ్డలమ్మా" అన్నాను.

"అయ్యో! ఇద్దరూ బిడ్డలేనా? ఇంకొక్కటి సూడరాదు? దేవుడిస్తడు."

నేను తెల్లబోయాను. ఇద్దరు బిడ్డలున్నందుకు ఈవిడకి అంత బాధేమిటో అర్థం కాలేదు. నా చెయ్యి పట్టుకుని, ఏ దేవుడికి మొక్కాలో, ఏ పుట్టలో పాలు పొయ్యాలో చెప్పడం మొదలుపెట్టింది. అక్క చీర కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. చివరికి తనే, "అవ్వా, మా చెల్లెకి ఇద్దరూ కొడుకులే. మా దిక్కు పిల్లలెవరైనా బిడ్డలే అంటరు" అంది, అప్పటికే పట్టుబడిన ఇక్కడి మాటతీరుతో.

ఇక్కడ బిడ్డ అంటే కూతురు! పెద్దావిడ ఒక్క క్షణం నా వైపు చూసి, కడియాలు గలగలమనేలా తొడ చరుచుకుని నవ్వింది. "ఇద్దరూ కొడుకులేనా! ఒక్క బిడ్డన్న లేకపాయె గదనే. ముసలితనాన నీ తల ఎవలు దువ్వుతరు?" అని మళ్ళీ మొదటి నుంచీ మొక్కులు చెప్పడం మొదలుపెట్టింది. గుప్పెడు గునుగుపూలు తీసి నా జడలో పెట్టింది. దిగేదాకా మేమిద్దరం చుట్టాలమైపోయాం.

రాతి ఊళ్ళో పాలపిట్ట

వికారాబాదు ఎర్రమట్టి దారిలోనే ఎక్కడో మాయమై, తాండూరు చేరేసరికి నల్లరేగడి వచ్చింది. కనుచూపు మేరా జొన్న, కంది. ఊరంతా రాయే. నేల కింద పొరలు పొరలుగా నాపరాయి ఉందట, అప్పడాల దొంతరలా. గోడలు బండలు, పైకప్పు బండలు, వీధులు బండలు. చేనుకి కంచె కావాలన్నా నిలువెత్తు బండలు వరసగా పాతేస్తారు. మా ఊళ్ళో తాటాకు ఎలాగో ఇక్కడ రాయి అలాగ. హోటల్లో చాయ్ సాసర్‌లో పోసిచ్చి "చారాణా" అన్నాడు. ఆ లెక్క తెలియక నేను నిలబడిపోతే, పక్కన కన్నడంలో మాట్లాడుకుంటున్న ఇద్దరు రైతులు నాకోసం తెలుగులోకి దిగి, "పావలా అమ్మా" అని చెప్పారు. ఉర్దూ, కన్నడం, తెలుగు ఒక్క బల్ల దగ్గరే కూర్చుని చాయ్ తాగుతాయి అక్కడ. ఇక ఆ మధ్యాహ్నం తిన్న కందిపప్పు! ఏమీ వేసిందీ లేదు, ఉప్పూ పచ్చిమిర్చీ అంతే. రెండోసారి అడిగి వేయించుకున్నాను.

దసరా సాయంత్రం ఊరు ఊరంతా కొత్తబట్టలు కట్టుకుని పొలాల్లోకి బయల్దేరింది. ఏమిటని అడిగితే పాలపిట్టని చూడ్డానికట. ఆ రోజు పాలపిట్ట కనపడితే ఏడాదంతా జయమే. పెద్దవాళ్ళూ పిల్లలూ తలలెత్తి తీగల మీదా చెట్ల మీదా వెతుకుతున్నారు. బావ రోజూ చేసే పని ఆ ఒక్క పూటా ఊరంతా చేస్తోందన్నమాట. "అగ్గో! అగ్గో!" అని ఎవరో అరిచారు. కందిచేను మీదుగా నీలిరంగు రెక్కలు విప్పుకుని పిట్ట ఎగిరింది. అందరూ చేతులు జోడించారు. తర్వాత జమ్మి ఆకులు చేతిలో పెట్టి, ఆ రోజు ఆ ఆకే బంగారమట, తీసుకోమని కావలించుకున్నారు. ముక్కూమొహం తెలియని ఆడవాళ్ళు వరసగా నన్ను వాటేసుకుంటుంటే మొదట బిత్తరపోయినా, తర్వాత నేనే వెతికి వెతికి పట్టుకున్నాను.

బషీరాబాదు దారిలో

మర్నాడు పొద్దున్నే జీపులో బషీరాబాదు వైపు బయల్దేరాం. కృష్ణజింకలు చూపిస్తానన్నాడు బావ. ఇక్కడ వాటిని ఇర్రి అంటారు. ఎండ ముదరకముందే బీడు నేలలో మంద కనపడింది. మెలితిరిగిన కొమ్ములతో నల్లటి మగది ఒకటి, చుట్టూ తేనెరంగు ఆడవి. జీపు చప్పుడుకి ముందొకటి గాల్లోకి ఎగిరింది. దాని వెనకే అన్నీ. పరుగు మధ్యలో ఊరికే, సరదాకి ఎగిరినట్టు ఎగిరాయి. అక్క చప్పట్లు కొట్టింది. "రోజూ అడవిలో ఉంటావు, నీకింకా మోజు తీరలేదా?" అన్నాను. "మీ బావ ఎప్పుడు తీసుకెళ్ళారే? నువ్వొచ్చావు గనక నాకూ దక్కింది" అంది. బావ వినపడనట్టు గేరు మార్చాడు.

అప్పుడే దారికి అడ్డంగా నలుగురు పరిగెత్తుకొచ్చారు. అందరూ పండగ బట్టల్లోనే ఉన్నారు. అడవుల శాఖని ఇక్కడ జంగ్లాత్ అంటారు.

"సారూ! జంగ్లాత్ సారూ! పాత గనిల పులి పడ్డది!"

గనిలో ఇద్దరు

జొన్నచేల పక్కన పాడుబడిన బండల గని. తాటిచెట్టు లోతు ఉంటుంది. గోడలు కత్తితో కోసిన జున్నులా నిట్టనిలువు. చుట్టూ ఊరు ఊరంతా ఉంది. అంచున పడుకుని తొంగిచూశాను.

అడుగున వాననీళ్ళు నిలిచి ఉన్నాయి. ఆ నీళ్ళలోంచి పైకి తేలిన ఒక బండ మీద, ముందుకాళ్ళ మీద గడ్డం ఆనించి, చిరుతపులి. తడిసిన ఒంటి మీద మచ్చలు నల్లగులాబీల్లా ఉన్నాయి. అది తలెత్తి ఇంతమంది మనుషుల్నీ చూసి, చెవులు వెనక్కి వాల్చి, మళ్ళీ తల దించుకుంది. ఇన్నాళ్ళూ నేను కోరుకున్న పులి అది. అలా చూస్తాననుకోలేదు.

అంతలో ఎక్కడో "మే" అని వినపడింది. గనిలో అదే మూల, చిరుతకి నాలుగడుగుల అవతల ఇంకో బండ మీద ఒక మేక నిలబడి ఉంది. నల్లమేక, చూడిది. పొట్ట ఇంత లావున ఉంది.

జరిగింది ఇదీ. ఆ మేక సాయమ్మది. సాయమ్మకి నలభై ఏళ్ళుంటాయి, గొర్లూ మేకలూ కాచుకునే మనిషి. తెల్లవారుతూనే మంద తోలుకొస్తుంటే చేలోంచి చిరుత మీద పడింది. మేక బెదిరి పరిగెత్తి, గడ్డి కప్పేసిన గని అంచు కనపడక లోపలికి పడిపోయింది. దాన్ని పట్టుకోబోయిన చిరుతా దాని వెనకే పడింది. నీళ్ళుండబట్టి ఇద్దరికీ ఏమీ కాలేదు. పూర్వం బండలు మోసుకురావడానికి గనిలోకి ఏటవాలు దారి ఉండేదట. మొన్నటి వానలకి దాని పైసగం కూలిపోయింది. ఇక లోపలివాళ్ళు పైకి రావడానికి తోవ లేదు.

అంచున మోకాలి మీద కూర్చుని ఒక ముసలాయన, గొట్టంలో మందు దట్టించే పాతకాలపు భర్మారు తుపాకీ గురిపెట్టి ఉన్నాడు. తెల్లగడ్డం, తలకి పాత రుమాలు. ఖాజామియా. ఒకప్పుడు జాగీర్దార్ల దగ్గర షికారీ, ఇప్పుడు గనులకి కాపలాదారు. ఊళ్ళో సగం మంది కాల్చమంటున్నారు. ఆ చిరుత అప్పటికే రెండు మేకల్ని ఎత్తుకుపోయిందట. రేపు పసిపిల్లల్ని ఎత్తుకుపోతే? వాళ్ళ భయం అబద్ధం కాదు. మరి పొద్దున్నుంచీ ఆ తుపాకీ ఎందుకు పేలలేదంటే, సాయమ్మ దాని గొట్టం ముందు నిలబడి ఉంది.

"కాల్చు! నా మ్యాకకు ఒక్క ఛర్రా తాకిందనుకో ఖాజామియా, నీ గడ్డంల ఒక్క ఎంటిక మిగల్దు. సూడిది అది! రెండు పిల్లలున్నయి కడుపుల!"

"జర ఆగు సాయమ్మా, నా నిషానా ఎప్పుడన్న తప్పిందా?"

"నీ కండ్లు కనవడే దినాలల్ల తప్పలే."

జనం గొల్లుమన్నారు. ఖాజామియా కూడా గడ్డంలోనే నవ్వుకున్నాడు గాని తుపాకీ దించలేదు.

బావ ముందుకెళ్ళి, చట్టం మాట చెప్పాడు. ఒకాయన మెల్లగా, "కానూను మంచిదే సారూ. మరి దాన్ని ఏం జేస్తరు?" అన్నాడు. బావ దగ్గర వల లేదు, బోను లేదు. హైదరాబాదుకి కబురెళ్ళి మనుషులు వచ్చేసరికి రేపవుతుంది. అప్పటిదాకా ఆ మేక బతకదు, మేక పోతే ఆ తుపాకీ ఆగదు.

అక్క నా భుజం గిల్లింది. "మన నూతిలో పిల్లి పడ్డప్పుడు నాన్న ఏం చేశారే?"

"తాటిదూలం దించారు. రాత్రికి అదే ఎక్కి పోయింది."

ఆ మాట బావకి చెప్పాం. ఆయన గని పనివాళ్ళని అడిగాడు. అంత పొడుగు దూలం ఈ రాళ్ళసీమలో ఎక్కడ దొరుకుతుంది? "కట్టె లేదు సారూ, రాయే ఉన్నది" అన్నాడొకాయన, గట్టు మీద కొండలా పేరుకున్న పనికిరాని బండముక్కల్ని చూపిస్తూ. చెప్పాక తనే వాటి వైపు తేరిపారా చూశాడు. బావా చూశాడు. కూలిపోయిన దారి పైసగం, దాని పక్కనే రాళ్ళగుట్ట. పైనుంచి తోసేస్తే చాలు, దారి మళ్ళీ పూడుతుంది.

"పులికి తొవ్వ ఏసుడా!" అని ఎవరో నవ్వారు. సాయమ్మ కొంగు బిగించింది. "పులికెందుకు? నా మ్యాకకు ఏస్తున్న. వచ్చెటోళ్ళు రాండ్రి."

పండగ బట్టల్లో పని

ముందు నలుగురే కదిలారు. తర్వాత పదిమంది. కాసేపటికి వద్దన్నవాళ్ళు కూడా ఊరికే చూస్తూ నిలబడలేక గంపలు అందుకున్నారు. ఆడవాళ్ళు వరసగా నిలబడి గంపలు అందిస్తుంటే మగవాళ్ళు పెద్ద ముక్కల్ని గడ్డపారలతో దొర్లించారు. నేనూ అక్కా వరసలో చేరాం. నిన్న నన్ను ఎవరెవరో కావలించుకున్నట్టే, ఈవేళ రాళ్ళు చేతికిచ్చారు. కొత్త చీరలూ కొత్త చొక్కాలూ రాతిదుమ్ముతో తెల్లగా అయిపోయాయి. ఎవరో సజ్జరొట్టెలూ, పచ్చిమిర్చి కారమూ, సల్లకుండా తెచ్చారు. సల్ల అంటే మజ్జిగ. గట్టు మీదే కూర్చుని తిన్నాం. అంత రుచైన తిండి నేను ఏ పెళ్ళిలోనూ తినలేదు.

రాళ్ళు పడ్డప్పుడల్లా చిరుత అవతలి మూలకి పోయి గోడకి కరుచుకుంది. ఒకసారి ఉన్నట్టుండి గర్జించి గోడ మీదికి ఎగిరింది. దాని గోళ్ళు బండ మీద గీరిన చప్పుడు నాకిప్పటికీ వినిపిస్తుంది. అందరం గంపలు పారేసి పరిగెత్తాం. ఒక్క ఖాజామియా కదల్లేదు, తుపాకీ గురి మార్చలేదు. చిరుత జారి నీళ్ళలో పడింది. మళ్ళీ బండెక్కి రొప్పుతూ కూర్చుంది. మేమూ తిరిగొచ్చాం.

పొద్దు వాలుతుండగా దారి ముప్పాతిక పూడింది. సాయమ్మ అంచుకెళ్ళి నాలుక మడిచి "ట్ర్ర్‌ర్రా, ట్ర్ర్‌ర్రా" అని పిలిచింది. మేక చెవులు నిక్కబొడుచుకుంది. బండ మీది నుంచి బండ మీదికి దూకి, మేం ఇంకా కదులుతాయేమో అనుకుంటున్న రాళ్ళ మీదుగా, ఆ బరువైన పొట్ట వేసుకుని, సంతకి పోయినంత తీరిగ్గా పైకెక్కి వచ్చింది. సాయమ్మ దాన్ని వాటేసుకుని ఏడ్చింది. జనం ఈలలు వేశారు.

ఆ ఈలల మధ్యలోనే ఒక గొంతు అంది: "మ్యాక అచ్చె. ఇగ కాల్చు మియా!"

ఇప్పుడు గొట్టానికి అడ్డం ఎవరూ లేరు. బావ అడుగు ముందుకేసి, "వద్దు ఖాజామియా" అన్నాడు. ముసలాయన ఆయన వైపు చూడలేదు, సాయమ్మ వైపు చూశాడు.

సాయమ్మ మేక మెడ మీద చెయ్యి వేసి నిలబడింది. కళ్ళు తుడుచుకుంది. "పొద్దంత పక్కపక్కన ఉన్నయి రెండు. ఆకలితోటి వచ్చింది, అయినా నా మ్యాకను ముట్టలే. భయానికో దేనికో, ముట్టలే గదా. తొవ్వ ఏసి, తొవ్వల నిలవడి సంపుతమా? నేనైతే ఒప్ప" అంది.

రెండు మేకల్ని పోగొట్టుకున్న ఇంటివాడు ఏదో అనబోయాడు. ఆయన భార్య, దుమ్ముకొట్టుకున్న కొత్త చీర దులుపుకుంటూ, "ఇంత రాయి మోసింది కాల్చెతందుకా? నడు, మిగిలింది ఏద్దాం" అని గంప తీసింది. ఆయన గడ్డపార అందుకున్నాడు.

ఖాజామియా తుపాకీ ఒళ్ళో పెట్టుకుని, దాని గుర్రం కింద మందుకి నిప్పంటించే చిన్న టోపీ ఊడదీసి జేబులో వేసుకున్నాడు. ఇక అది పేలదు.

తోవ

దారి అంచు దాకా పూడాక బావ అందర్నీ దూరంగా, గాలికి ఎదురువైపున్న ఇంకో రాళ్ళగుట్ట వెనక్కి పంపించాడు. పిల్లల నోళ్ళు తల్లులు మూశారు. పడమటి ఆకాశం జొన్నకంకుల మీద ఎర్రగా పరుచుకుంది. నేను అక్క చెయ్యి పట్టుకున్నాను. రాళ్ళు మోసి మోసి ఇద్దరి చేతులూ గరుగ్గా ఉన్నాయి.

చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ఒక రాయి దొర్లిన చప్పుడు. మళ్ళీ నిశ్శబ్దం. గని అంచున రెండు చెవులు కనపడ్డాయి, ఆ తర్వాత తల. పైకి రావడానికి భయపడుతోందో, ఇంత సులువుగా తోవ దొరికిందని నమ్మలేకపోతోందో, అక్కడే ఆగింది. ముందుకాలు ఒకటి గట్టు మీద పెట్టి చూసింది. రెండోది పెట్టింది. ఒక్క ఊపున పైకొచ్చి నిలబడింది.

ఇంత పొడుగు ఒళ్ళా! లోపల ముడుచుకుని కూర్చున్నప్పుడు తెలియలేదు. తల నుంచి తోక దాకా ఒళ్ళు దులుపుకుంది. నీటితుంపరలు ఆ ఎండలో నిప్పురవ్వల్లా ఎగిరాయి. మా గుట్ట వైపు ఒకసారి చూసింది. మేమున్నామని దానికి తెలుసు. పరిగెత్తుతుందనుకున్నాను. పరిగెత్తలేదు. భుజాలు ఒకటి తర్వాత ఒకటి ఎత్తుతూ దించుతూ, చప్పుడన్నది లేకుండా, పని ముగించుకుని ఇంటికి పోయే మనిషిలా నడుచుకుంటూ జొన్నచేలోకి వెళ్ళిపోయింది. కంకులు కొంతదూరం కదిలాయి. తర్వాత కదలడం మానేశాయి.

నా కళ్ళు ఎప్పుడు నిండాయో తెలియదు. పక్కన చూస్తే ఖాజామియా నోరు తెరుచుకుని ఆ చేనునే చూస్తున్నాడు.

"యాభై ఏండ్ల సంది పులుల్ని చూస్తున్న బేటీ" అన్నాడు నాతో, చాలా మెల్లగా. "అన్నీ నా దిక్కు ఉరికొచ్చేటివే. గిట్ల ఇంటికి పొయ్యేదాన్ని చూసుడు గిదే మొదలు."

ఇక అప్పుడు మొదలైంది గోల. అందరూ ఒకేసారి మాట్లాడేస్తున్నారు. పిల్లలు చిరుతలా నడిచి చూపిస్తున్నారు. బావ ఎవరెవరి చేతులో పట్టుకుని ఊపుతున్నాడు. అక్క సాయమ్మ మేక పొట్ట నిమురుతూ దానితో ఏదో చెబుతోంది. దుమ్ముకొట్టుకున్న జనమంతా ఊరి దారి పట్టారు. అందరికన్నా ముందు, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, కుర్రాడిలా చకచకా నడుస్తున్నాడు ఖాజామియా.

రాళ్ళగుట్టకి ఆనించిన భర్మారుని సాయమ్మ చూసి కేకేసింది. "ఓ ఖాజామియా! నీ తుపాకి మరిస్తివి!"

ఆయన వెనక్కి కూడా తిరగలేదు. చెయ్యి మాత్రం గాల్లోకి ఊపాడు.

"ఉండనియ్! యాడికి పోతది, పొద్దుగాల తీస్కుంట!"